పదహారేళ్లు నిలిచిపోయిన బుల్లెట్‌ను మళ్లీ నడిపించడం

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న మోటార్‌సైకిల్‌ను బయటికి తీసినవారు చేసే మొదటి పొరపాటు కిక్ కొట్టడం. మీద కప్పిన గోనెపట్టా లాగేసి, దుమ్ము దులిపి, సీసాతో కాస్త పెట్రోలు పోసి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చూస్తుండగా నాలుగు కిక్‌లు కొట్టి చూద్దామనిపించడం సహజమే. మా నాన్నగారి 1974 నాటి బుల్లెట్‌ను పదహారేళ్ల తర్వాత వసారాలోంచి బయటికి లాగిన సాయంత్రం నేనూ మా బావమరిదీ చేసిన పని సరిగ్గా అదే. కదలని ఇంజను మీద ఇద్దరమూ వంతులవారీగా బరువు మోపగా లోపల టక్కుమని ఏదో విరిగింది, కిక్ రాడ్ ఏ అడ్డూ లేకుండా కిందికి జారిపోయింది. విరిగింది వేలెడంత లేని కిక్ పాల్, అంటే కిక్ రాడ్ తొక్కుడును ఇంజనుకు పట్టించే కొక్కెం. దాన్ని మార్చడానికి గేర్‌బాక్స్ మూత విప్పవలసి వచ్చింది. అప్పటినుంచి నేను పాటిస్తున్న క్రమం ఒకటే: ముందు ఇంజను చేత్తో తిరగాలి, తర్వాత ఆయిలు అందాలి, ఆ తర్వాత ప్లగ్గులో నిప్పు రావాలి, పెట్రోలు వంతు అన్నిటికంటే చివర.

ఇక్కడ చెప్పేది ఇనుప బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) ఉన్న పాత 350 సీసీ బుల్లెట్ గురించి. మద్రాసు శివారులోని తిరువొత్తియూరులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా ఈ ఇంజనును, 70 మి.మీ. బోరు వ్యాసం, 90 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ అనే అవే కొలతలతో దశాబ్దాల పాటు పెద్ద మార్పులు లేకుండా తయారు చేసింది. అందుకే యాభై ఏళ్ల బండికి కూడా విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనో వెతికితే దాదాపు ప్రతి భాగమూ దొరుకుతుంది. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, నాలుగు గేర్లు, పాయింట్లతో (తెరుచుకుంటూ మూసుకుంటూ ప్లగ్గుకు నిప్పు పుట్టించే లోహపు ముక్కలతో) పనిచేసే ఇగ్నిషన్ ఉన్న ఏ బుల్లెట్‌కైనా ఈ పద్ధతి వర్తిస్తుంది.

పానా పట్టే ముందు ఒక మాట. ఈ బండి డిజైన్ ఇంగ్లండు నుంచి వచ్చినది కాబట్టి పాత బుల్లెట్లలో చాలా నట్లు బ్రిటిష్ కొలతలవి. మన ఇంట్లో ఉండే మిల్లీమీటర్ల పానా వాటికి సరిపోయినట్టే అనిపిస్తుంది గాని, గట్టిగా తిప్పేసరికి జారిపోయి నట్టు మూలలను గుండ్రంగా అరగదీస్తుంది. విట్‌వర్త్ అనే ఆ బ్రిటిష్ కొలత పానాల సెట్టు ఒకటి కొనుక్కోవడమో అరువు తెచ్చుకోవడమో చేయండి. తుప్పు పట్టిన ప్రతి నట్టుకూ ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి నాననివ్వండి. విప్పే ప్రతి వైరునూ, ప్రతి కేబులునూ ముందుగా ఫోనులో ఫొటో తీసుకోండి. వారం తర్వాత అదే మీకు సర్క్యూట్ డయాగ్రమ్ అవుతుంది. సైలెన్సర్ చివర నుంచి ఒక పుల్లను లోపలికి పోనిచ్చి చూడండి. మా బండి సైలెన్సర్‌లో కందిరీగల మట్టిగూళ్లు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు చేర్చిన ఊక, గోనె పీచు, వేపగింజలు దొరికాయి. ఎలుకలు చేరిన చోట వైర్లు కొరికి ఉంటాయని కూడా అప్పుడే అనుకోవాలి.

ఇప్పుడు ఇంజను సంగతి. ప్లగ్గు చుట్టూ గుంటలో చేరిన మట్టిని ముందు గాలితో ఊది శుభ్రం చేయండి, లేకపోతే ప్లగ్గు విప్పిన మరుక్షణం అది నేరుగా పిస్టన్ మీద పడుతుంది. ప్లగ్గు తీశాక సగం ఇంజనాయిలు, సగం కిరోసిన్ కలిపి యాభై మిల్లీలీటర్ల మేర ఆ రంధ్రంలో పోసి, బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి వదిలేయండి. మర్నాడు బండిని నాలుగో గేరులో వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపి చూడండి. బలం వాడవద్దు, చక్రం ద్వారా వెళ్లే ఒత్తిడి ఎంతో మీ చేతులకు తెలుస్తుంది, కిక్ రాడ్ మీద నిలబడితే అది తెలియదు. క్లచ్ జారుతున్నట్టు అనిపిస్తే చక్రం తిరిగినా ఇంజను కదలడం లేదన్నమాట, కాబట్టి ప్లగ్గు రంధ్రంలోకి టార్చి వేసి పిస్టన్‌ను చూస్తూనే ఊపండి. మా బండి మూడు రోజులు ఉలకలేదు. నాలుగోరోజు పొద్దున చక్రం ఊపుతుండగా మూత బిగుసుకుపోయిన పచ్చడి జాడీ ఒక్కసారిగా వదిలినట్టు అరంగుళం కదిలింది. ఇంకో పావుగంటకు పూర్తిగా తిరిగింది. రోజూ కాస్త కాస్త నూనె పోస్తూ రెండు వారాలు చూసినా కదలకపోతే మాత్రం హెడ్డు (సిలిండర్ పైమూత), బోరు విప్పడం తప్పదు. బుల్లెట్‌లో అది భయపడవలసిన పని కాదు. బోరు గోడ మీద తుప్పు గుంటలు వేలిగోటికి తగులుతుంటే లేతు పనివాడి దగ్గర బోరింగ్ చేయించి, ఓవర్‌సైజు పిస్టన్ వేయించవలసిందే.

ఇంజను తిరగడం మొదలయ్యాక వాల్వులను చూడాలి. బోరు కుడిపక్కన కింద ఒకే నట్టుతో బిగించిన చిన్న మూత ఉంటుంది. దాన్ని తీస్తే వాల్వులను తెరిచే రెండు పుష్ రాడ్‌ల కింది భాగాలు కనబడతాయి. ఒకరు ఇంజనును మెల్లగా తిప్పుతుంటే రెండు రాడ్‌లూ పైకి లేచి, మళ్లీ కిందికి దిగాలి. ఒక రాడ్ పైకి వెళ్లి వదులుగా నిలిచిపోతే ఆ వాల్వు గైడ్‌లో ఇరుక్కున్నట్టే. అలా ఉండగా తిప్పితే రాడ్ వంగుతుంది. ట్యాపెట్లు, అంటే వాల్వుకూ రాడ్‌కూ మధ్య ఉండే సందు, సర్దేది కూడా ఇక్కడే. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైకొచ్చి నిలిచినపుడు, రాడ్‌ను రెండు వేళ్లతో పట్టి తిప్పితే సులువుగా తిరగాలి గాని పైకీ కిందికీ ఆడకూడదు. దీనికి ఫీలర్ గేజ్ అవసరం లేదు, వేళ్లే కొలబద్ద.

ఇక ఆయిలు. ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదివే ఓపిక ఉంటే ఇదే చదవమంటాను. బుల్లెట్‌లో ఆయిలు క్రాంక్ (పిస్టన్ ఊపును తిరుగుడుగా మార్చే ఇరుసు) తిరిగే గదిలో నిలువ ఉండదు. క్రాంక్‌కేసు పోతలోనే వెనకవైపు ఉన్న వేరే గదిలో ఉంటుంది. క్రాంక్ చివర ఉన్న వార్మ్ గేరు రెండు పంపులను నడుపుతుంది. ఒకటి ఆయిలును లోపలికి పంపుతుంది, రెండోది కిందికి జారిన ఆయిలును తిరిగి గదిలోకి తోడుతుంది. బండి నెలల తరబడి నిలిచిపోతే వెనకగదిలోని ఆయిలు పంపు సందుల్లోంచి బొట్టు బొట్టుగా జారి క్రాంక్ గదిలో చేరుతుంది. అప్పుడు మూత తీసి కొలపుల్ల చూసినవాడికి ఆయిలు లేదనిపిస్తుంది, వెంటనే కొత్తగా రెండు లీటర్లు పోస్తాడు. స్టార్టయిన నిమిషంలోనే ఉన్నదీ పోసిందీ కలిసి బ్రీదర్ (ఇంజను గాలి వదిలే గొట్టం) గుండా, సైలెన్సర్ గుండా బయటికి తన్నుకొస్తుంది. కాబట్టి ఇంజను అడుగున ఉన్న డ్రెయిన్ నట్లన్నీ, అంటే ఆయిలు గదిదీ క్రాంక్ గదిదీ కూడా విప్పి, ఒక రాత్రంతా వెడల్పాటి పళ్లెంలోకి కారనివ్వండి. కారినదాన్ని పారబోసే ముందు వెలుతురులో చూడండి. పాలు కలిపినట్టు బూడిదరంగుగా ఉంటే నీళ్లు చేరాయి. వేళ్ల మధ్య రుద్దితే మెరిసే పొరలు కనబడితే లోపల బేరింగ్ అరిగింది, బండిని స్టార్టు చేయకుండా ఇంజను విప్పించడం మంచిది. పాత బుల్లెట్లలో కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండేది రోలర్లు లేని ఫ్లోటింగ్ బుష్. ఆయిలు అందకుండా కాసేపు తిరిగినా దానికి గీతలు పడతాయి, మార్చాలంటే ఇంజనంతా ఊడదీసి క్రాంకును ప్రెస్సు ఉన్న పనివాడి దగ్గరికి పట్టుకెళ్లాలి. అంత ఖర్చునూ తప్పించేది ఇప్పుడు చూపే గంట ఓపికే.

ఆయిలు జల్లెడలన్నీ కిరోసిన్‌తో కడిగి, ఇంజను కుడిపక్క టైమింగ్ కవర్ అడుగున ఉండే ఫెల్ట్ ఫిల్టర్‌ను కొత్తది వేయండి. దాని గదిలో కూడా ఆయిలు నింపి మూత బిగించండి. ఖాళీగా వదిలితే మొదటి నిమిషాలలో పంపు ఆ గదిని నింపుతూ కూర్చుంటుంది, బుష్ ఎండిపోతుంది. తర్వాత 20డబ్ల్యూ-50 ఆయిలును రెండు లీటర్లకు కాస్త మించి, కొలపుల్ల మీద గీత చూసుకుంటూ పోయండి. ప్లగ్గు తీసి ఉంచే, మెల్లగా నలభై యాభై సార్లు కిక్ రాడ్ నొక్కండి. హెడ్డు మీదికి రాకర్లకు వెళ్లే సన్నటి ఆయిలు పైపు పై బోల్టును ఒక చుట్టు వదులు చేసి చూస్తే అక్కడ ఆయిలు ఊరుతూ కనబడాలి. అది కనబడేదాకా ఇగ్నిషన్ జోలికి వెళ్లవద్దు.

గేర్‌బాక్స్‌లోనూ, ప్రైమరీ చెయిన్ డబ్బాలోనూ పాత మడ్డి తీసేసి కొత్తది నింపండి. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. లీవర్‌ను హ్యాండిల్‌కు తాడుతో కట్టి రాత్రంతా ఉంచి, మర్నాడు లీవర్ పట్టుకునే కిక్ రాడ్ నొక్కితే సాధారణంగా విడివడతాయి.

కరెంటు విషయానికి వస్తే, పాత బుల్లెట్లు 6 వోల్టులవి, తర్వాత వచ్చినవి 12 వోల్టులవి. బల్బుల మీదా కాయిల్ మీదా రాసి ఉన్నది చూసి బ్యాటరీ కొనండి. బ్యాటరీ పెట్టే ముందు చట్రానికి బిగించిన వైరు ప్లస్‌దా మైనస్‌దా అన్నది పాత గుర్తులను బట్టి తేల్చుకోవాలి. బ్రిటిష్ డిజైన్లలో ప్లస్ ఎర్తు కూడా మామూలే. ఎలుకలు కొరికిన వైరింగ్‌ను టేపు చుట్టి వాడడం కంటే కొత్త హార్నెస్ వేసి ఒక ఫ్యూజు పెట్టడం మేలని నా అభిప్రాయం. తర్వాత పాయింట్లు. మూత తీసి చూస్తే వాటి మొహాల మీద బూడిదరంగు పొర ఉంటుంది. సన్నటి ఎమరీ కాగితంతో రెండు మొహాలూ తేలిగ్గా రుద్ది, పెట్రోలులో తడిపిన గట్టి అట్టముక్కను మధ్యలోంచి లాగితే పొడి కూడా పోతుంది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. కామ్ మీద తగిలే ముక్కకు అగ్గిపుల్ల చివరంత గ్రీజు చాలు, ఎక్కువైతే అది పాయింట్ల మీద చిమ్ముతుంది. కొత్త ప్లగ్గును క్యాపులో పెట్టి హెడ్డుకు ఆనించి కిక్ కొడితే నీలిరంగు నిప్పు చిటుక్కుమనాలి. నిప్పు పసుపుగా, నీరసంగా ఉండి, పాయింట్ల దగ్గర మాత్రం గట్టిగా మెరుపు కొడుతుంటే ఆ మెరుపును అణచే కండెన్సర్ పోయింది. యాభై ఏళ్ల కండెన్సర్‌ను పరీక్షించడం కంటే మార్చేయడమే చవక.

పెట్రోలు ట్యాంకు బండిలో అత్యంత మోసకారి భాగం. మీద రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల మాత్రం తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. కాక్ (ట్యాంకు కింద పెట్రోలును తెరిచి మూసే కుళాయి) విప్పి, ఆ రంధ్రాన్ని గట్టిగా మూసి, లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కరిగించి ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచండి. బాత్రూము యాసిడ్ వేస్తే త్వరగా అవుతుందని చెప్పేవారుంటారు. అది తుప్పుతో పాటు రేకునూ తింటుంది. రోజు గడిచాక వచ్చే ఆకుపచ్చ నల్లటి నీటిని పారబోసి, వంటసోడా కలిపిన నీటితో ఒకసారి, మామూలు నీటితో రెండుసార్లు కడిగి, ఎండలోనో గాలి కొట్టే యంత్రంతోనో వెంటనే ఆరబెట్టాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే కళ్లముందే లోపలి గోడ పసుపుపచ్చగా మారి కొత్త తుప్పు పడుతుంది. ఆరిన వెంటనే గ్లాసుడు పెట్రోలులో కాస్త ఆయిలు కలిపి లోపలంతా తిప్పండి. చిల్లు పడిన ట్యాంకును మాత్రం ఖాళీగా ఉంది కదా అని వెల్డింగుకు పంపవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది. ఆ పని తెలిసినవాడు ముందు కడిగి, నీళ్లు నింపుకునే చేస్తాడు.

కార్బొరేటర్ విప్పితే కింది గిన్నెలో జిగురు గట్టిపడి బెల్లం పాకంలా కనబడుతుంది. ఇత్తడి జెట్లను పెట్రోలులో రాత్రంతా నానబెట్టి, గాలితో ఊదండి. రంధ్రం మూసుకుపోతే బ్రష్ నుంచి లాగిన నైలాను వెంట్రుకతో పొడవాలే గాని ఇనుప తీగతో కాదు. ఒక మెకానిక్ నా పైలట్ జెట్‌ను వైరు ముక్కతో అరనిమిషంలో "క్లియర్" చేశాడు. ఆ తర్వాత రెండు నెలల పాటు బండి ఐడిల్‌లో ఎందుకు నల్లపొగ వదులుతోందో తెలియక అన్నీ మార్చాను, చివరికి రంధ్రం పెద్దదైందని తేలింది. గ్యాస్కెట్లు, ఫ్లోట్ నీడిల్, పెట్రోలు పైపు కొత్తవి వేయండి. గాలి స్క్రూను మెత్తగా తగిలేదాకా లోపలికి తిప్పి, అక్కడినుంచి చుట్టున్నర బయటికి తిప్పితే స్టార్టు కావడానికి చాలినంత దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం వరకూ ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బరునూ, కాక్‌లోని కార్కునూ పాడుచేస్తుంది. అందువల్ల ఇంటికి వచ్చే చివరి వంద గజాల ముందు కాక్ కట్టేసి, కార్బొరేటర్‌లో పెట్రోలు అయిపోయేలా చేసి ఆపడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు కిక్ కొట్టవచ్చు. చెప్పులతో కాదు, మడమ ఉన్న బూట్లు వేసుకుని. పెట్రోలు విప్పి, బండి న్యూట్రల్‌లో ఉన్నదో లేదో చూసి, తాళం తిప్పండి. హెడ్‌లైట్ మీది ఆంపియర్ మీటర్‌ను గమనిస్తూ కిక్ రాడ్‌ను చేతితో నొక్కినంత మెల్లగా కాలితో నొక్కండి. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు ముల్లు ఎడమకు వాలుతుంది, విడిపోయినప్పుడు మధ్యకు వస్తుంది. రాడ్ కంప్రెషన్‌కు ఎదురుతిరిగి గట్టిగా ఆగిన చోట డీకంప్రెషర్ లీవర్ (సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలేసే మీట) పట్టి, ముల్లు మధ్యకు వచ్చేదాకా ఇంకో పిసరు నొక్కి, లీవర్ వదిలేసి, రాడ్‌ను పూర్తిగా పైకి రానివ్వండి. ఆ తర్వాత ఒకే ఊపులో అడుగుదాకా తొక్కండి. మధ్యలో కాలు తీసినా, సగం తొక్కినా ఇంజను ఎదురుతన్నుతుంది. బుల్లెట్ ఎదురుతన్ను తిన్న చీలమండ వారం రోజులు గుర్తుచేస్తూనే ఉంటుంది. కంప్రెషనే తగలకపోతే వాల్వుల కంటే ముందు డీకంప్రెషర్‌ను అనుమానించండి, మసి పట్టి తెరుచుకునే ఉండిపోవడం దానికి అలవాటు.

స్టార్టయ్యాక మొదటి కొద్ది నిమిషాలు వచ్చే దట్టమైన పొగకు కంగారుపడనక్కర్లేదు. బోరులో మీరు పోసిన నూనె అది. రాకర్ పైపు దగ్గర ఆయిలు తడి మరోసారి చూసుకుని, రెండు నిమిషాలలో ఆపేసి, ఆయిలు మట్టం చూడండి. పొగ పదిహేను నిమిషాల తర్వాత కూడా నీలంగానే ఉంటే పిస్టన్ రింగుల సంగతి ఆలోచించాలి.

రోడ్డెక్కే ముందు ఆపే శక్తిని చూడాలి. బ్రేకు డ్రమ్ములు విప్పితే లైనర్లు బ్రేక్ షూ నుంచి ఊడి చేతిలోకి రావడం మామూలే, అతుకు ఊడిన లైనర్ చక్రాన్ని పట్టేయగలదు. బ్రేక్ కామ్‌లకు, చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టి, కేబుళ్లన్నీ కొత్తవి వేయండి. టైర్లు 3.25 × 19 కొలతవి. గీతలు ఎంత బాగున్నా పదహారేళ్ల రబ్బరు చెక్కతో సమానం, ట్యూబులతో సహా మార్చండి.

కాగితాలు కూడా ఈలోగా సర్దుకోవాలి. ద్విచక్రవాహనం ఆర్‌సీ మొదట 15 ఏళ్లకు, తర్వాత ఐదేసి ఏళ్లకు పొడిగిస్తారు, తప్పిన కాలానికి జరిమానా ఉంటుంది. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఉన్న చోట ఎమరీ కాగితం పెట్టకుండా, రంగు వేయకుండా, కిరోసిన్ గుడ్డతో మాత్రమే తుడవండి. అంకెలు చెరిగితే మీ సొంత బండే మీది కాకుండా పోతుంది. 50 ఏళ్లు దాటిన బండికి 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం "వీఏ" గుర్తుతో వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. అయితే అలా చేసిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప మామూలుగా తిప్పకూడదు. రోజూ సంతకో పొలానికో వెళ్లాలనుకుంటే మామూలు ఆర్‌సీని పొడిగించుకోవడమే మేలు.

మొదటి ప్రయాణం ఇంటికి ఐదు కిలోమీటర్లు మించని చోటికి, ఎండ తగ్గాక పెట్టుకోండి. గంటకు 40 దాటకుండా వెళ్లి, దారిలో రెండుసార్లు ఆగి, డ్రమ్ముల మీదా హెడ్డు చుట్టూ చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి. తిరిగివచ్చాక, ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాత హెడ్డు నట్లు మరోసారి బిగించి, ట్యాపెట్లు మళ్లీ వేళ్లతో చూసుకోవాలి. మూడువందల కిలోమీటర్లకు ఆయిలూ ఫెల్టూ మార్చండి. పదహారేళ్లుగా గోడలకు పట్టి ఉన్న మడ్డి కరిగి వచ్చేది ఆ మొదటి మూడువందల కిలోమీటర్లలోనే. నా బండి నుంచి అప్పుడు తీసిన ఫెల్ట్ నల్లటి రొట్టెముక్కలా ఉంది, రెండోసారి తీసినది మాత్రం ఇంకా తన తెల్లరంగును గుర్తుపట్టేలా వచ్చింది.